ఎంసీబీనా, ఆర్‌సీసీబీనా? ఇంట్లో ట్రిప్పర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి

మన వరంగల్ వైపు మెయిన్ బోర్డులో కరెంటును దానంతటదే కట్ చేసే ఏ స్విచ్ పెట్టినా ట్రిప్పర్ అనే అంటాం, తేడా కొట్టేది అక్కడే. ఎంసీబీ (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్) వైర్లను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ (రెసిడ్యువల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకర్) మనిషిని కాపాడుతుంది.

పోయిన ఎండాకాలం హన్మకొండలో మా ఇంట్లో ఇనుప కూలర్‌లో నీళ్లు పోస్తుంటే అమ్మకు షాక్ కొట్టింది, బకెట్‌తో సహా వెనక్కి పడిపోయింది. బోర్డులో ఎంసీబీలన్నీ కొత్తవే, ఒక్కటీ పడలేదు, అంటే కరెంటు కట్ కాలేదు! పాడయ్యాయేమో అనుకున్నా, కానీ అసలు వాటి పని అది కాదట. 16 ఆంపియర్ల ఎంసీబీ లోడ్ అంతకు బాగా మించితేనో, షార్ట్ అయితేనో పడుతుంది. తడి చేతికి 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పోయేది సుమారు పావు ఆంపియర్, అంటే ఎంసీబీకి 60 వాట్ల బల్బు వేసినంత లెక్క, గుండె ఆగడానికి మాత్రం అది చాలు.

ఆర్‌సీసీబీ ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొస్తుందా లేదా అని చూస్తుంది. తేడా ఉందంటే ఒంట్లోంచో ఎర్త్‌లోంచో నేలలోకి పోతున్నట్టు, అది 30 మిల్లీఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపే కట్ చేస్తుంది. కూలర్, గీజర్, బోరు మోటారు, ఇంటి వైరింగ్ నుంచి కరెంటు పాకిన దండెం, వీటన్నిటికీ ఇదే దిక్కు. అయితే బయట సర్వీస్ వైరు దండెం మీద పడితే దీనికి తెలియదు, అది మీటర్‌కు అవతలి సంగతి. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకున్నా పడదు. ఓవర్‌లోడ్ కూడా చూడదు కాబట్టి ఎంసీబీ తీసేయొద్దు.

ఎంసీబీలు ముందే ఉంటే ఇక ఖర్చు పెట్టాల్సింది ఆర్‌సీసీబీ మీదే. షాపులో 30 మిల్లీఆంపియర్లదే అడగండి, 100 ది మనిషి కోసం కాదు. టెస్ట్ బటన్ ఉందో లేదో చూసుకుని, బిగించాక నెలకోసారి నొక్కండి. ఊరికే పడిపోతుందని కొందరు ఎలక్ట్రీషియన్లు దాన్ని తప్పించి లైన్ డైరెక్ట్ చేసేస్తారు, దయచేసి ఒప్పుకోకండి, ఎక్కడో లీకేజీ ఉండాలి, లేదా పక్క లైన్ న్యూట్రల్ కలిసి ఉండాలి.

మేం ఆ వారమే ఎర్తింగ్ చేయించి ఆర్‌సీసీబీ పెట్టించాం. కూలర్ స్విచ్ వేయగానే టక్కున పడింది. విప్పి చూస్తే నీళ్ల మోటారు వైరు చీలి రేకుకు ఆనుకుని ఉంది.