జేక్ షిమాబుకురో రికార్డులు: టెనర్ యుకులేలే ఒళ్లో పెట్టుకుని ఏళ్ల తరబడి విన్నాక

కొత్తగా యుకులేలే (గిటార్ లాంటి చిన్న నాలుగు తీగల వాద్యం) కొన్నవాళ్లు, దాన్ని వాయించడంలో పేరొందిన జేక్ షిమాబుకురో ఆల్బమ్‌లలో మొదట ఏది వినమంటారని నన్ను అడుగుతుంటారు. 2009లో వచ్చిన ‘లైవ్’ వినమంటాను. వేదిక మీద ఆయన, ఆయన చేతిలో నాలుగు నైలాన్ తీగలు, అంతే. ఏళ్లుగా దాన్ని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, వినిపించినంత మేర నా టెనర్ (సొప్రానో కన్నా పెద్ద సైజు యుకులేలే) మీద వాయించుకుంటున్నాను. ఇప్పటికీ కొత్త సంగతి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది.

జేక్ 1976లో హొనొలులులో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో తల్లే మొదటి పాఠం చెప్పింది. 1879లో మదీరా దీవుల నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన పోర్చుగీసువాళ్ల చిన్న గిటార్ లాంటి వాద్యం నుంచి హవాయిలో యుకులేలే పుట్టింది. హొనొలులులోనే 1916 నుంచి వాద్యాలు చేస్తున్న కమాకా వాళ్ల టెనర్ జేక్ చేతిలో ఉంటుంది. బీటిల్స్ జార్జ్ హారిసన్ పాటను న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కూర్చుని వాయించిన వీడియో 2006లో యూట్యూబ్‌లోకి వచ్చాక ప్రపంచమంతా ఆయన పేరు తెలిసింది. నేనూ అలాగే ఆయన దగ్గరికి వచ్చాను.

రాక్, జాజ్, బ్లూగ్రాస్, ఫ్లమెంకో, బాఖ్... ఇన్ని ఒకే మనిషి వాయిస్తాడంటే పైపైన తాకి వదిలేస్తాడేమో అనిపిస్తుంది. అలా కాదు. ఈ వాద్యానికి మంద్రం లేదు. మామూలు శ్రుతిలో నాలుగో తీగ కూడా పక్కనున్న రెండు తీగల కన్నా పైస్థాయిలోనే ఉంటుంది. అన్నిటికన్నా కింది స్వరం పియానో మధ్యలో ఉండే ‘సి’. అక్కణ్ణుంచి పైకి సుమారు రెండు స్థాయిలు, అంతే చోటు. అందుకే ఏ శైలినైనా ఉన్నదున్నట్టు దించడం కుదరదు, దాని ప్రాణం ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన రెండు గొంతుల ఇన్వెన్షన్‌లో (రెండు స్వరధారలు కలిసి నడిచే చిన్న రచన) కింది గొంతును అది ఉన్న చోట వాయించడానికి తీగే లేదు. కాబట్టి రెండు గొంతులూ ఒకే ఎత్తులో జడలా అల్లుకుంటాయి. స్పెయిన్ గిటార్ శైలి ఫ్లమెంకో ధోరణిలో వాయించేటప్పుడు కుడిచేతి వేళ్లు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి. శైలి మారిందని ముందు తెలిసేది ఆ కుడిచేతిలోనే.

జపాన్ జానపదం ‘సకుర’ వాయించినప్పుడు యుకులేలే జపాన్ తంత్రీవాద్యం కోటోలా పలుకుతుంది. అందులోని ఐదు స్వరాలూ మన ‘కర్ణాటక శుద్ధసావేరి’ అనే రాగానికి (మామూలు శుద్ధసావేరి కాదు) సరిగ్గా సరిపోతాయి. నేను దాన్ని ఇష్టంగా సాధన చేయడానికి అదొక కారణం. వీణలో లాగా తీగను పక్కకు లాగి గమకం పలికించడం ఇక్కడ పెద్దగా సాగదు, నాదం కూడా త్వరగా ఆరిపోతుంది. జేక్ ఆ లోటును వేలికొసతో వణికించే ట్రెమొలోతో, తీగ మీద వేలిని జార్చే జారుతో నింపుతాడు. అది నాకు నేరుగా పనికొచ్చింది. ‘సి’ని షడ్జమం చేసుకుంటే వట్టి తీగల్లోనే మోహనం నాలుగు స్వరాలు పలుకుతాయి. రిషభం ఒక్కదానికే ‘సి’ తీగ మీద రెండో మెట్టు నొక్కాలి. మా కాలనీ వినాయక చవితి పందిట్లో లలితగీతాలకు వాయించేటప్పుడు దీర్ఘాలను నిలబెట్టేది ఆయన దగ్గర పట్టుకున్న ఆ ట్రెమొలోయే.

స్టూడియో ఆల్బమ్‌లన్నీ నాకు ఒకేలా నచ్చలేదు. అలన్ పార్సన్స్ నిర్మించిన ‘గ్రాండ్ యుకులేలే’ (2012)లో ధ్వని ఎంతో అందంగా ఉంది. కానీ ఆర్కెస్ట్రా వచ్చిన చోటల్లా స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన వదిలే ఖాళీ పూడిపోయింది. ఆయన బలమంతా ఆ ఖాళీలోనే ఉందని నా నమ్మకం. ‘నాష్‌విల్ సెషన్స్’ (2016) బాస్, డ్రమ్స్‌తో చేసిన సొంత రచనల ఆల్బమ్. కొన్నిచోట్ల ఎఫెక్టుల వల్ల అది ఎలక్ట్రిక్ గిటారో, యుకులేలేనో తెలియదు. ఆ ధైర్యం నాకు ఇష్టం, చెక్క పలుకు వినపడకపోవడం మాత్రం కష్టంగా ఉంటుంది. ‘ట్రియో’ (2020)లో గిటార్, బాస్ వాళ్లు చోటిచ్చి వాయించారు, రాత్రిపూట వినడానికి నేను పెట్టుకునేది అదే. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్‌తో 2024లో చేసిన బ్లూస్ ఆల్బమ్ ఇంకా పూర్తిగా మనసుకు ఎక్కలేదు.

గాయకులకు పక్కవాద్యం వాయించేవాళ్లు మాత్రం 2021 నాటి ‘జేక్ అండ్ ఫ్రెండ్స్’ తప్పక వినాలి. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ పాడుతుంటే జేక్ ఎంత తగ్గి, ఎంత తక్కువ వాయించాడో గమనించండి. అంత వేగం ఉన్న చెయ్యి అలా ఆగడం చూస్తే నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇవి విని సాధన చేద్దామనుకుంటే టెనర్ తీసుకోండి, సొప్రానోలో పై మెట్ల దగ్గర వేళ్లకు చోటు చాలదు. సినిమా పాటలకు బాగుంటుందని నాలుగో తీగను కింది స్థాయి ‘జి’కి మార్చుకోమని చాలామంది చెబుతారు. జేక్ వాయించినవి పట్టుకోవాలంటే ఆ తీగను పైస్థాయిలోనే ఉంచండి.