పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్‌కు సైకిల్ మీద: ఏ మ్యాప్ మేలు?

వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉంటూ సెలవురోజుల్లో పొటోమాక్ ఒడ్డున సైకిల్ తొక్కేవాళ్లకు ఒక ఆలోచన రాక మానదు: ఈ గట్టు పట్టుకుని ఇలాగే పోతే ఎక్కడ తేలతాం? పిట్స్‌బర్గ్‌లో తేలతాం. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహాయో) కాలువ గట్టు 184.5 మైళ్లు. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాకా గ్రేట్ అలిగేనీ పాసేజ్ ఇంకో 150 మైళ్లు. రెండూ కలిపితే దాదాపు 540 కిలోమీటర్లు. దాదాపు పూర్తిగా కార్లు లేని బాటలివి.

ఇలాంటి రైడ్ అనుకోగానే అందరూ ముందు ఫోన్ తీసి యాప్ వెతుకుతారు. నా సలహా వేరు. ఈ దారికి మొదట కొనాల్సింది అచ్చు పుస్తకం. ప్లాన్ గీసుకోవడానికి రైడ్ విత్ జీపీఎస్ అనే యాప్, జేబులో భరోసాకు ఉచితంగా దొరికే ఆఫ్‌లైన్ మ్యాప్ ఒకటి, గూగుల్ మ్యాప్స్ ఊళ్లలోకి వెళ్లినప్పుడు మాత్రమే. ఎందుకో చెప్తాను.

ఈ బాట మీద దారి తప్పే భయం దాదాపు లేదు. ఒకటి పాత రైలు మార్గం, రెండోది ఒకప్పుడు కంచరగాడిదలు పడవల్ని లాగుతూ నడిచిన గట్టు. మలుపులు తక్కువ, చీలికలు ఇంకా తక్కువ. కాబట్టి ఎడమకా కుడికా అన్న ప్రశ్నే రాదు. వచ్చే ప్రశ్నలు వేరు. మళ్లీ నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయి? చీకటి పడేలోపు ఏ ఊరు చేరతాం? అక్కడ భోజనం దొరుకుతుందా? మ్యాప్‌ల మంచిచెడ్డలు ఈ ప్రశ్నలతోనే తూచాలి.

గూగుల్ మ్యాప్స్ అమెరికాలో 2010 నుంచి సైకిల్ దారులు చూపిస్తోంది. సైక్లింగ్ లేయర్ ఆన్ చేస్తే ఈ బాట ఆకుపచ్చ గీతగా కనిపిస్తుంది. హోటల్, సైకిల్ షాపు, కిరాణా కొట్టు వెతకడానికి దానికి సాటి లేదు. కానీ ఆఫ్‌లైన్‌లో అది కారు దారి మాత్రమే చెప్తుంది, సైకిల్ దారి చెప్పదు. పా పా అనే ఊరి దగ్గరున్న కాలువ సొరంగం చుట్టుపక్కల, పొటోమాక్ మెలికలు తిరిగే చోట సిగ్నల్‌ను నమ్ముకోలేం. పైగా గీసిన దారిని జీపీఎక్స్ ఫైల్‌గా (దారి గీతను దాచి ఇంకో యాప్‌లో తెరిచే ఫైల్) బయటికి తీసి గార్మిన్‌లోనో ఇంకో సైకిల్ కంప్యూటర్‌లోనో వేసుకునే వీలు అందులో లేదు. 540 కిలోమీటర్ల ప్రయాణానికి అదొక్కటీ చాలదు.

రైడ్ విత్ జీపీఎస్, కోమూట్ ఈ పనికే పుట్టిన యాప్‌లు. కోమూట్ బలం కొత్త దారులు సూచించడంలో, ఏ ముక్క తారు, ఏ ముక్క కంకర అని విడదీసి చూపడంలో ఉంది. ఇక్కడ దారి ముందే ఖాయం కాబట్టి ఆ బలం పెద్దగా అక్కరకు రాదు. మొత్తం గీతను రోజువారీ ముక్కలుగా కోసుకుని, ఒక్కో రోజు ఎత్తుపల్లాలు చూసుకోవడానికి నాకు రైడ్ విత్ జీపీఎస్సే నచ్చుతుంది. అయితే ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్, మాటల్లో దారి చెప్పడం వంటివి కావాలంటే డబ్బు కట్టాలి.

ఈ ఎత్తుపల్లాల దగ్గర కాస్త ఆగాలి. పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరితే సుమారు 126 మైళ్ల పాటు కాళ్లకు పెద్దగా తెలియకుండానే ఎక్కుతూ పోయి, ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (వాన నీరు అట్లాంటిక్ వైపు, మెక్సికో గల్ఫ్ వైపు విడిపోయే ఎత్తు) దగ్గర 2,392 అడుగులకు చేరతాం. అక్కడి నుంచి కంబర్లాండ్‌కు 24 మైళ్లలోనే దాదాపు 1,750 అడుగులు దిగుతాం. వాషింగ్టన్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆ దిగుడంతా ఎక్కుడే. తొలిసారి వెళ్లేవాళ్లను పిట్స్‌బర్గ్‌లో మొదలుపెట్టమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇంతకీ యాప్‌లో ఈ గ్రాఫ్ చూసి చాలామంది కంగారు పడతారు. బిగ్ శావేజ్ సొరంగం దగ్గర ఉన్నట్టుండి నిటారుగా ఒక కొండ లేస్తుంది. సాలిస్‌బరీ వయాడక్ట్ అనే వంతెన దగ్గర గీత లోయలోకి పడిపోతుంది. మన బాట మీద ఆ ఎక్కుడూ లేదు, ఆ దిగుడూ లేదు. యాప్ నేల ఎత్తును లెక్కగడుతుంది కానీ, మనం కొండ కింద 3,294 అడుగుల సొరంగంలోంచి, లోయ మీద 1,908 అడుగుల వంతెన మీంచి పోతామన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. రైడ్ విత్ జీపీఎస్‌లో అలాంటి ముక్కను ఎంచుకుని చదును చేసుకోవచ్చు. ఏ యాప్‌లోనైనా సొరంగాలున్న రోజు మొత్తం ఎక్కుడు లెక్కను కొంత తగ్గించే చదువుకోండి.

గీత గీసేటప్పుడు ఇంకోచోట కూడా కళ్లు తెరుచుకుని ఉండాలి. హాన్‌కాక్ ప్రాంతంలో కాలువ గట్టు పక్కనే వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రెయిల్ 28 మైళ్లు నడుస్తుంది. అది తారు బాట. గట్టేమో మట్టి. వాన పడితే గట్టు మీద చక్రం బురదలో కూరుకుపోయి వేగం సగానికి పడిపోతుంది. అప్పుడు ఆ తారు బాట నిజంగా వరమే. కానీ గుడారం వేసుకునే ఉచిత శిబిర స్థలాలు గట్టు మీదే ఉంటాయి. యాప్ ఏ బాట ఎంచుకుంటే దానికి తలూపకుండా, రెండు రకాలుగా గీసి దాచుకుంటే ఆ రోజు ఆకాశాన్ని చూసి నిర్ణయించుకోవచ్చు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడ్డ ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ యాప్‌లు నాకు ఎంతో ఇష్టం. ఎవరో పేరు తెలియని స్వచ్ఛంద కార్యకర్తలు చేతి పంపులు, శిబిర స్థలాలు, మరుగుదొడ్లు ఒక్కొక్కటిగా గుర్తించి పెట్టారు. మనం పైసా కట్టకుండా వాడుకుంటున్నాం. వేమార్క్‌డ్ ట్రెయిల్స్ సైట్‌లో మొత్తం బాట జీపీఎక్స్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరుచుకోవచ్చు. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి మ్యాప్ మీద మన చుక్క కదులుతూనే ఉంటుంది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెడితే బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇక అచ్చు పుస్తకం. ఈ రెండు బాటలకూ కలిపి ట్రెయిల్‌గైడ్ అనే అధికారిక పుస్తకం ఉంది. అందులో ఊళ్లు, బస, తిండి, శిబిర స్థలాలు మైలు అంకెల ప్రకారం ఉంటాయి. దాని విలువంతా ఆ అంకెల్లోనే ఉంది. గ్రేట్ అలిగేనీ పాసేజ్‌కు మైలు సున్నా కంబర్లాండ్‌లో, సీ అండ్ ఓకు మైలు సున్నా జార్జ్‌టౌన్‌లో. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చేవాళ్లకు 150 నుంచి సున్నాకు, మళ్లీ 184.5 నుంచి సున్నాకు అంకెలు తగ్గుతూ పోతాయి. దారి పక్క మైలురాయి చూస్తే చాలు, పుస్తకంలో ఎక్కడున్నామో తెలిసిపోతుంది. కంబర్లాండ్ నుంచి హాన్‌కాక్ దాకా సుమారు 60 మైళ్లలో పెద్ద ఊరంటూ లేదు. ఓల్డ్‌టౌన్, నది దాటితే పా పా, ఆ తర్వాత లిటిల్ ఓర్లియన్స్, అంతే. ఈ ఒక్క రోజును పుస్తకం ముందేసుకుని, తిండి ఎక్కడ, నీళ్లు ఎక్కడ అని పెన్సిల్‌తో రాసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. యాప్‌లో ఈ వివరాలన్నీ ఒక్క చూపులో కనిపించవు, జూమ్ చేసి చేసి వెతుక్కోవాలి.

పుస్తకానికి లోటు లేకపోలేదు. అచ్చయ్యాక మారినవి దానికి తెలియవు. బిగ్ శావేజ్ సొరంగాన్ని ఏటా చలికాలమంతా మూసేస్తారు. వరదొస్తే గట్టు తెగి పక్కదారి పెడతారు. నీటి పరీక్షలో తేడా వస్తే చేతి పంపు హ్యాండిల్ తీసేస్తారు. ఈ సంగతులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్న పంపు గుర్తు కూడా చెప్పదు. బయల్దేరే ముందురోజు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్, గ్రేట్ అలిగేనీ పాసేజ్ సైట్ రెండూ చూసి తీరాలి. పార్క్ సర్వీస్ యాప్‌లో సీ అండ్ ఓ పార్కు సమాచారం ఫోన్‌లోకి దించుకుని పెట్టుకోవచ్చు.

ఈ తీర్పు మన వైపు చెల్లదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు. దానికి ఏ మ్యాపూ అక్కర్లేదు. అరకు, లంబసింగి కొండల్లో మట్టిదారులు పట్టుకుంటే మాత్రం మైలురాళ్ల పుస్తకాలు ఉండవు, చీలికలు అడుగడుక్కీ ఉంటాయి. అక్కడ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌నూ ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి గీసుకోవాలి. దారిలో ఊరివాళ్లను అడగాలి. ఫోన్‌లో జీపీఎక్స్ లేకుండా బయల్దేరకూడదు.

జార్జ్‌టౌన్ చేరాక మాత్రం పుస్తకం సంచిలో పెట్టేసి గూగుల్ మ్యాప్స్ తెరవండి. మైలు సున్నా రాయి థాంప్సన్ బోట్ సెంటర్ దగ్గర నీటి ఒడ్డున ఉంటుంది. సూటిగా కనిపించదు కాబట్టి ఆ పేరుతోనే వెతకాలి. అక్కడి నుంచి యూనియన్ స్టేషన్‌కు ఊరి మధ్యలోంచి పోవాలి, సైక్లింగ్ లేయర్ అక్కడ బాగా పనికొస్తుంది. పిట్స్‌బర్గ్‌కు తిరుగు రైలు ఎక్కాలనుకుంటే ఆమ్‌ట్రాక్‌లో మీ టికెట్‌తో పాటు సైకిల్‌కు కూడా చోటు ముందే రిజర్వ్ చేసుకోండి. ఆ చోట్లు కొన్నే ఉంటాయి. అందుకని మిగతా ప్లాన్ కంటే ముందు రైలు తేదీ ఖాయం చేసుకుని, రోజుల లెక్క అక్కడి నుంచి వెనక్కి వేసుకోవడం మంచిది.