నీటి గొట్టం, తొమ్మిది వోల్టుల పెట్టె, గోలీ దారి: మూడేళ్ళు ఎండావానల్లో ఉన్న గాడ్జెట్ కాష్‌ల సమీక్ష

జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన పెట్టెను (కాష్‌ను) జీపీఎస్ సాయంతో వెతికి, లోపలి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి వచ్చే ఆట. మామూలు జియోకాష్ దొరికితే మూత తీసి, సంతకం పెట్టి, ఎక్కడిదక్కడ పెట్టేసి వస్తాం. గాడ్జెట్ కాష్ అలా కాదు. పెట్టె కళ్ళెదుటే ఉంటుంది, లాగ్‌బుక్ మాత్రం చేతికి రాదు. నీళ్ళు పోయాలి, బ్యాటరీ తగిలించాలి, గోలీ దొర్లించాలి. అలాంటి మూడు రకాలు మూడేళ్ళకు పైగా ఆరుబయట ఉన్నాక రాస్తున్న సమీక్ష ఇది. మార్కులు ముందే చెప్పేస్తే: నీటి గొట్టానికి ఐదుకు నాలుగున్నర, గోలీ పెట్టెకు నాలుగు, ఎలక్ట్రానిక్ పెట్టెకు మొదట కట్టిన తీరులో రెండు, మార్పులయ్యాక మూడున్నర. తాళం ఎలా వేయాలో ఆలోచించడం సరదా పని. ఒకరు తెరిచి వెళ్ళాక పెట్టె దానంతటదే మళ్ళీ మొదటి స్థితికి వచ్చేలా చేయడమే అసలు పని, మార్కులు ఎక్కువగా అక్కడే పోయాయి.

నీటి గొట్టంతో మొదలుపెడదాం. 50 మి.మీ. పీవీసీ పైపు, 90 సెం.మీ. ముక్క. లోపలి వ్యాసం 46 మి.మీ. అనుకుంటే నిండడానికి లీటరున్నర నీళ్ళు పడతాయి. అడుగున చుట్టూ నాలుగు రంధ్రాలు. లోపల లాగ్‌బుక్ ఉన్న చిన్న గొట్టం. వేళ్ళతో రంధ్రాలు మూసి నీళ్ళు పోస్తే అది తేలుతూ పైకొస్తుంది. ఇంతే యంత్రం.

ఆట అంతా రంధ్రం కొలతలోనే ఉంది. 3 మి.మీ. రంధ్రం వేస్తే, గొట్టం నిండుగా ఉన్నప్పుడు దానిలోంచి సెకనుకు 18 మి.లీ. పోతుంది, నాలుగూ కలిపి 72. లీటరు సీసాను బోర్లిస్తే సెకనుకు 100 మి.లీ. దాకా పడుతుంది కాబట్టి వేలు పెట్టకుండానే గొట్టం నిండిపోతుంది. 5 మి.మీ. చేస్తే ఒక్కో రంధ్రానికి 50 దగ్గర, నాలుగింటికీ 200. అప్పుడు ఎంత పోసినా నీటిమట్టం 20-25 సెం.మీ. దగ్గర ఆగిపోయి అక్కడే ఊగుతుంది. మూడు మూసి ఒకటి వదిలేస్తే రెండుంబావు లీటర్లు కావాలి. రెండే మూస్తే మూతిదాకా వచ్చినట్టే వచ్చి ఊరిస్తుంది, తెచ్చుకున్న నీళ్ళు అయిపోతాయి. ఇద్దరు వస్తే హాయిగా తీస్తారు, ఒక్కరే వస్తే కాసేపు తంటాలు పడతారు. కావలసింది అదే. వేళ్ళు తీసేశాక పావు నిమిషంలో గొట్టం ఖాళీ అవుతుంది. రీసెట్ చేయమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ నాలుగున్నర మార్కులు దీనికే.

పోయిన అర మార్కు దేనికంటే, ఎండ్ క్యాప్ లోపల గిన్నెలాంటి గుంట ఉంటుంది. రంధ్రాలు పైపు మీద వేస్తాం కాబట్టి ఆ గుంటలో నీళ్ళు మిగిలిపోతాయి. వారం పది రోజులు నిలిస్తే చాలు, దోమలు పుట్టుకొస్తాయి. బిగించే ముందే ఆ గుంటను రంధ్రం కింది అంచు దాకా ఎపాక్సీతో నింపేయాలి. ఇంకోటి, అడుగు మూతను సాల్వెంట్ సిమెంట్‌తో శాశ్వతంగా అంటించొద్దు, మరతో తిరిగే ఎండ్ ప్లగ్ వాడాలి. కాకి, కుండ కథ చదువుకుని పెరిగిన వాళ్ళం కదా, నీళ్ళు చాలకపోతే గులకరాళ్ళు వేసేవాళ్ళు తప్పకుండా ఉంటారు. రాళ్ళు రంధ్రాలకు అడ్డం పడతాయి, కొన్ని లాగ్ గొట్టం పక్కన ఇరుక్కుని అది పైకి రాకుండా చేస్తాయి. అడుగు విప్పగలిగితే రెండు నిమిషాల పని, విప్పలేకపోతే కొత్త గొట్టమే. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలకు 5 మి.మీ. రంధ్రమంటే చాలా ఇష్టం, రెండు నెలలకోసారి పుల్లతో పొడిచి చూడాలి.

లోపల తేలే గొట్టానికి చాలామంది వాడేది కూల్‌డ్రింక్ సీసాగా ఊదకముందు ఉండే మందపాటి పెట్ ప్రీఫార్మ్. నీళ్ళు చుక్క కూడా పోవు, మూత కచ్చితంగా పడుతుంది. కానీ గోడ మందం వల్ల తేలేది అంతంతమాత్రమే. లోపల పెన్సిల్ పెట్టినా, బయట గొలుసు కట్టినా మునుగుతుంది. మెడ కింద చెప్పుల దుకాణంలో దొరికే ఈవీఏ ఫోమ్ షీటు ముక్క చుట్టి, ముందు ఇంట్లో బకెట్లో వేసి చూడండి. నిలువుగా తేలాలి, వాలితే పైపు గోడకు రాసుకుని ఆగిపోతుంది. పైపు బయటివైపు 120 నంబరు గీకుడు కాగితంతో రుద్ది ఎనామిల్ పెయింటు వేయకపోతే ఎండకు పెళుసెక్కుతుంది. గడ్డకట్టే చలి ఉండే ఊళ్ళలో ఈ రకం శీతాకాలానికి పనికిరాదు. ఆ నెలలు కాష్‌ను తాత్కాలికంగా ఆపేయడమే మేలు.

ఇక ఎలక్ట్రానిక్ పెట్టె. లోపల బ్యాటరీ ఉండదు, వెతికేవాళ్ళే 9 వోల్టులది తెచ్చుకుంటారు. ఈ పద్ధతి మంచిదే. లోపల పెట్టిన ఆల్కలైన్ సెల్లు వేసవికి కారి, స్ప్రింగులను పచ్చగా తినేస్తాయి. పైగా బ్యాటరీ తీసిన ప్రతిసారీ ఆర్డుయినో (పజిల్‌ను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) మొదటినుంచి మొదలవుతుంది కాబట్టి పజిల్ రీసెట్ అయినట్టే. చిక్కంతా తాళంతో.

మొదటి అమరిక: ఆర్డుయినో నానో, ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు), సర్వో చేతికి తగిలించిన గొళ్ళెం. బల్ల మీద నూటికి నూరుసార్లు పనిచేసింది. బయట పెట్టాక రెండు లోపాలు తేలాయి. ఒకటి, సర్వో బిగుసుకున్నప్పుడు అర ఆంపియరు పైనే లాగుతుంది. దానికి నానో మీది 5 వోల్టుల రెగ్యులేటర్ నుంచి కరెంటు ఇస్తే వోల్టేజీ కుంగి, చిప్ రీసెట్ అవుతుంది. మళ్ళీ మొదలై మళ్ళీ సర్వోను తిప్పబోతుంది, మళ్ళీ కుంగుతుంది. బయటివాళ్ళకు కనిపించేది టకటకమనే చప్పుడు, తెరుచుకోని తలుపు. కొత్త బ్యాటరీతో రాకుండా, సంచీలో ఏడాదిగా పడున్న బ్యాటరీతోనే ఇది వస్తుంది, అందుకే ఇంట్లో పరీక్షిస్తే పట్టుబడదు. పరిష్కారం: సర్వోకు విడిగా ఎల్ఎం2596 బక్ మాడ్యూలు (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) 5 వోల్టులకు సరిచేసి ఇవ్వడం, సర్వో తీగల దగ్గరే 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ వేయడం. గ్రౌండ్ తీగ రెండింటికీ కలపడం మరవొద్దు. కలపకపోతే సర్వో పిచ్చిగా వణుకుతుంది.

రెండోది మరీ మొండిది. సర్వో ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. తెరిచి, సంతకం పెట్టి, తలుపు మూసి బ్యాటరీ లాక్కుని వెళ్ళిపోతారు. గొళ్ళెం తెరిచే ఉంది, తర్వాత వచ్చినవాళ్ళకు పజిలే లేదు. "మూశాక మళ్ళీ బ్యాటరీ పెట్టండి" అని చీటీ అంటించినా పాటించేది సగం మందే. అందుకే సర్వో తీసేసి స్ప్రింగ్ గొళ్ళెం ఉన్న సొలెనాయిడ్ తాళం (కరెంటు ఇస్తే లోపలి కాయిల్, అంటే తీగచుట్ట, అయస్కాంతమై గొళ్ళేన్ని వెనక్కి లాగుతుంది) పెట్టాలి. కరెంటు లేనప్పుడు అది ముందుకు పొడుచుకుని ఉంటుంది, తలుపు గట్టిగా మూస్తే టక్కున పడిపోతుంది. మార్కులు రెండు నుంచి మూడున్నరకు పెరిగింది ఈ ఒక్క మార్పుతోనే.

సొలెనాయిడ్‌కు దాని పేచీలు దానికున్నాయి. 12 వోల్టులది కొంటే 9 వోల్టుల బ్యాటరీతో, అదీ పాతదైతే, గొళ్ళెం సగం దాకా వెళ్ళి ఆగుతుంది. 6 వోల్టులది తీసుకుని బక్ మాడ్యూలు 6కి సరిచేయండి. కాయిల్‌కు అడ్డంగా, తిరగేసి 1ఎన్4007 డయోడ్ వేయకపోతే ఆపిన క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజీకి ట్రాన్సిస్టర్ పోతుంది. కాయిల్‌ను ఆన్, ఆఫ్ చేసే ఆ ట్రాన్సిస్టర్‌ను, అంటే మాస్‌ఫెట్‌ను, కొనేటప్పుడు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అని అక్షరం అక్షరం చూసుకోండి. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ ఇస్తే 5 వోల్టుల గేటుకు పూర్తిగా తెరుచుకోదు, వేడెక్కుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెండూ దొరుకుతాయి, ఒకటి అడిగితే రెండోది చేతిలో పెట్టడమూ మామూలే. ప్రోగ్రాములో కాయిల్‌కు రెండు సెకన్లకు మించి కరెంటు ఇవ్వొద్దు.

తలుపు లాగుతూ బ్యాటరీ పెట్టడం అందరి అలవాటు. అలా లాగితే గొళ్ళెం పక్కకు ఒరుసుకుని, కాయిల్ ఎంత లాగినా కదలదు. "పాడైపోయింది" అని లాగ్ రాస్తారు. గొళ్ళెం పడే గూడును 2 మి.మీ. వదులుగా పెట్టి, లాగే పిడి తీసేయండి. పిడికి బదులు గొళ్ళెం వదలగానే తలుపును తోసే మెత్తటి స్ప్రింగు చాలు. గట్టి స్ప్రింగు పెడితే అదే మళ్ళీ గొళ్ళెం మీద బరువవుతుంది.

బయట బ్యాటరీ క్లిప్పు వేలాడదీయొద్దు, ఆర్నెల్లలో తీగ తెగుతుంది. పెట్టె ముఖాన రెండు ఎం4 స్టెయిన్‌లెస్ బోల్టుల తలలు 12.7 మి.మీ. దూరంలో బిగిస్తే బ్యాటరీ రెండు కొనలూ సరిగ్గా ఆనుతాయి. ఇక తలకిందులుగా పెట్టినా పనిచేయాలంటే నాలుగు 1ఎన్5819 డయోడ్లతో బ్రిడ్జ్ కట్టండి. మామూలు బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఒకటిన్నర వోల్టు మింగేస్తుంది, నీరసపు బ్యాటరీకి అది భారం.

చెమ్మ సంగతి. రబ్బరు గాస్కెట్ ఉన్న పెట్టె కొని, సందులన్నీ సిలికాన్‌తో మూసేస్తే లోపల పొడిగా ఉంటుందనుకోవడం భ్రమ. పగలు గాలి వేడెక్కి ఎలాగోలా బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తడిగాలిని లోపలికి పీల్చుకుంటుంది. లోపలికి వచ్చిన నీరు మాత్రం పోదు. అడుగున 3 మి.మీ. రంధ్రం వేసి సన్నటి స్టీలు జల్లెడ అంటించిన పెట్టే ఎక్కువ కాలం నిలిచింది. సర్క్యూట్ బోర్డుకు రంగులేని గోళ్ళరంగు రెండు పూతలు వేయండి, కనెక్టర్లకూ బటన్లకూ తగలకుండా. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను రాగి తీగల దగ్గర వాడితే ఆ ఆమ్లం తీగను తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్నదే కొనండి. 3డీ ప్రింటులో పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల ఎండలో నల్లపెట్టె లోపల ఆ వేడి మామూలే. ఏఎస్ఏ లేదా కనీసం పీఈటీజీ వాడాలి.

పజిల్‌లో రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే గాజు స్విచ్‌లు) పెడితే జాగ్రత్త. కాళ్ళు వంచేటప్పుడు గాజు పక్కన శ్రావణంతో పట్టుకుని వంచాలి, లేకపోతే కనిపించని పగులు వచ్చి వానకు పోతుంది. సొంత అయస్కాంతంతో వచ్చి పెట్టె అంతా తడిమేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం ఒక ఎర స్విచ్ వేయొచ్చు, అది తగిలితే లెక్క మొదటికి వస్తుంది.

గోలీ దారి పెట్టె గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అది అంత నిబ్బరంగా ఉంది. పెట్టెను అటూ ఇటూ వంచుతూ చిట్టడవిలాంటి గాళ్ళలో గోలీని నడిపించి, చివర చిన్న మీట మీద పడేస్తే తలుపు వదులుతుంది. ఎండీఎఫ్ ఒక్క వానకే ఉబ్బింది. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్న 12 మి.మీ. ప్లైవుడ్ నిలిచింది, కోసిన అంచులకు ఎపాక్సీ రెండు పూతలు వేసినందువల్ల. స్టీలు బంతి తుప్పు పట్టి ఇరుక్కుంటుంది, కిరాణా కొట్లో దొరికే 16 మి.మీ. గాజు గోలీకి ఏ బాధా లేదు. గాడి 20 మి.మీ. ఉంచండి. 18 చాలనిపిస్తుంది గానీ వానాకాలంలో చెక్క ఉబ్బాక చాలదు. పైన కప్పే 3 మి.మీ. అక్రిలిక్ పలక 300 మి.మీ. పొడవుంటే చలికీ ఎండకీ మధ్య ముప్పావు మి.మీ. పైనే సాగుతుంది. మర రంధ్రాలు ఒక మి.మీ. పెద్దవి చేయకపోతే మూలల్లో పగులుతుంది. తలుపు మూసినప్పుడు గోలీ మొదటికి దొర్లేలా వెనుక గాడికి ఐదు డిగ్రీల వాలు ఇవ్వాలి. ఇక్కడ ఒక మార్కు పోయింది, ఆకు ముక్కో చీమల మట్టో పడితే ఆ వాలు చాలడం లేదు.

ఎక్కడ పెట్టాలన్నది తక్కువ పని కాదు. పక్క కాష్‌కు కనీసం 161 మీటర్ల దూరం, స్థలం వాళ్ళ అనుమతి, నేల తవ్వకుండా, చెట్టుకు మేకు కొట్టకుండా: ఇవి తెలిసినవే. చెట్టుకైతే వెడల్పాటి నైలాన్ పట్టీ, ఏటా ఒకసారి వదులు చేయాలి. తీగలు కనిపించే పెట్టెను బస్టాపుల, గుళ్ళ, స్టేషన్ల దగ్గర ఎప్పుడూ వద్దు. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్ళు చూసిన హైదరాబాద్‌లో అయితే మరీను. ముందువైపు పారదర్శకంగా ఉండి లోపలిది కనబడితే, పైన "జియోకాష్" అని పెద్దక్షరాలతో, కాష్ కోడ్‌తో ఉంటే అనుమానం చాలావరకు రాదు. వెబ్‌సైట్‌లోని కాష్ పేజీలో (లిస్టింగ్‌లో) ఫీల్డ్ పజిల్, ప్రత్యేక పరికరం కావాలి అనే గుర్తులు పెట్టి, "కొత్త 9 వోల్టుల బ్యాటరీ" లేదా "రెండున్నర లీటర్ల నీళ్ళు" అని స్పష్టంగా రాయండి. ఎండలో అర కిలోమీటరు నడిచొచ్చి సీసా ఖాళీగా చూసుకున్నవాళ్ళు రాసే లాగ్ చదవడానికి బాగుండదు.

బలప్రయోగం చేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కదలకూడని మరలన్నీ లోపలివైపు నుంచి బిగించి, కదపక్కర్లేని చోట "ఇక్కడ ఏమీ లేదు" అని రాసేయడం వల్ల విరగ్గొట్టడం బాగా తగ్గింది. అయినా తాళం మొరాయించినప్పుడు తెరవడానికి అడుగున ఒక దొంగదారి ఉండాలి. దానికి మామూలు స్క్రూడ్రైవర్‌తో తిరగని ఆరు ముల్లుల టార్క్స్ మర పెట్టండి, ఆ తాళపుచెవి లాంటిది మీ దగ్గరే ఉంచుకోండి. లాగ్‌బుక్‌కు తడికి చిరగని సింథటిక్ కాగితం, పెన్సిల్. జెల్ పెన్ను సంతకాలు మొదటి వానకే కరిగి ఒక్క నీలిమరకగా మిగిలాయి.