భాకరాపేట తోపులో అయిదేళ్లుగా వాడుతున్న కత్తులు, టెంటు

శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే తిరుపతిలో బండి తీస్తాను. భాకరాపేట ఘాట్ దాటి మామ వాళ్ల మామిడి తోపుకు చేరేసరికి ఇంకా పొద్దు ఉంటుంది. రాత్రికి అక్కడే టెంటు, ఆదివారం సాయంత్రానికి ఇల్లు. 2020 చివర్లో మొదలైన అలవాటు ఇది. ఇప్పటికి యాభై రాత్రులకు తక్కువ కాలేదు. కొన్న వారంలోనే ఈ సామాను గురించి రాసి ఉంటే చాలా వేరుగా రాసేవాణ్ణి.

అడవిలో కాకుండా తోపులో ఎందుకంటే, అటువైపు శేషాచలం కొండలు. 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి జీవావరణ రిజర్వు. ఎర్రచందనం పెరిగే నేల. గొడ్డలో మచ్చుకత్తో బ్యాగులో పెట్టుకుని ఆ దారిలో కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మొదటి ఏడాది ఒక చెక్‌పోస్టులో నన్ను ఆపి బ్యాగంతా తీయించారు. వాళ్లు చేసింది సరైన పనే. ఆ రోజు నుంచి పెద్ద కత్తులు తోపులోనే ఉంటాయి, చిన్నవే నాతో వస్తాయి. వాటిని కూడా బండి తాళాలకు తగిలించను. తిరుమల కొండకు పోయేటప్పుడు అలిపిరి తనిఖీ దగ్గర గుర్తొచ్చి వెనక్కి తిరగాల్సి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ వాడింది స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్ కత్తి, కార్బన్ స్టీల్ రకం. బ్లేడు జానెడు కూడా ఉండదు, పది సెంటీమీటర్ల పైచిలుకు. మందం రెండున్నర మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ ఒర, రబ్బరు లాంటి పిడి. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ ఎర్రగడ్డలు తరగాలన్నా, కోడిని ముక్కలు చేయాలన్నా, ఎండు పుల్లను ఈకలు ఈకలుగా చెక్కి పొయ్యి రాజేయాలన్నా చెయ్యి దాని మీదికే పోతుంది. సంగటి గెలకడానికి చింతకొమ్మతో తెడ్డు చెక్కింది కూడా దీంతోనే. రెండు గంటలు పట్టింది. చెయ్యి బొబ్బలెక్కలేదు, అదీ ఆ పిడి గొప్పతనం.

దీనికి పదును పెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. వాదరకు రెండు పక్కలా వెడల్పాటి ఏటవాలు ఉంటుంది. దాన్ని రాయి మీద సమంగా ఆనించి రుద్దితే చాలు, కోణం కొలుచుకునే టెన్షన్ లేదు. వెయ్యి నంబరు సానరాయి మీద అయిదు నిమిషాలు, ఆ తర్వాత పాత తోలు బెల్టు మీద కాసేపు. నెలకొకసారి ఇలా చేస్తున్నాను. బ్లేడు కొంచెం సన్నబడింది. ఇప్పుడు ఇంకా బాగా కోస్తుందని నా అనుభవం.

కార్బన్ స్టీల్ అంటే తుప్పు గురించి చెప్పాలి. మొదటిసారి పచ్చి తోతాపురి కాయ కోశాక బ్లేడు బూడిదరంగుకు తిరిగి, తెల్లారేసరికి నీలం కలిసిన నలుపైంది. పాడైపోయిందనుకుని పీచుతో రుద్ది రుద్ది పోగొట్టాను. అది చేయకూడని పని. కాయలోని పులుపు ఇనుముతో కలిసి ఏర్పడే ఆ నల్లని పొర ఎర్రతుప్పును కొంత ఆపుతుంది. ఆ తర్వాత కావాలనే కాయలు కోసి నల్లబడనిచ్చాను. మొదటి ఒకటి రెండుసార్లు ముక్కలకు ఇనుము వాసన తగులుతుంది, ఆ తర్వాత ఉండదు. ఒకసారి కడిగి తడి ఆరకముందే ఒరలో పెట్టి వారం మరిచాను. ఎర్రచుక్కలు వచ్చాయి. తప్పు నాది. ఇప్పుడు తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి పెడతాను. అంత శ్రద్ధ పెట్టలేనివాళ్లు స్టెయిన్‌లెస్ రకం తీసుకోవడం మేలు.

దీనికి నాలుగింతలు డబ్బు పోసి ఇంకొక కత్తి కొన్నాను. అయిదు మిల్లీమీటర్ల మందం, వెన్ను మీద రంపపు పళ్లు. కంపెనీ పేరు వద్దు. మామ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఏమిరా అబ్బీ, దీంతో ఎర్రగడ్డ తరగలేవు, కొమ్మ కొట్టలేవు. మరెందుకురా ఇది?" అన్నాడు. ఆయన మాట నిజమే. ఉర్లగడ్డ దాని కింద తెగదు, పగులుతుంది. కట్టె చీల్చడానికి మాత్రం పనికొచ్చింది. కానీ ఆ పనికి తోపులో మచ్చుకత్తి ఉంది. పాత లారీ కమాన్ పట్టీని కొలిమిలో కాల్చి కమ్మరాయన కొట్టి ఇచ్చింది. నా వయసు దానికి. మూడుసార్లు పిడి మార్చారు, ఇనుము మాత్రం అలాగే ఉంది. ఎండు మామిడి కొమ్మను రెండు దెబ్బల్లో తెంపుతుంది. మన ప్రాంతంలో కమ్మరి కొలిమి అందుబాటులో ఉన్నవాళ్లు పెద్ద కత్తికి ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదని గట్టిగా నమ్ముతున్నాను.

జేబులో ఉండేది విక్టోరినాక్స్ హంట్స్‌మన్, చిన్న చిన్న పనిముట్లన్నీ మడిచి పెట్టుకునే స్విస్ కత్తి. వంద గ్రాముల లోపే బరువు. అందులో నాకు ప్రాణం చిన్న రంపం. బొటనవేలంత కొమ్మను చక్కగా కోస్తుంది, టెంటు మేకులు విరిగినప్పుడు కొత్తవి చేసుకున్నది దాంతోనే. ఇంకొకటి చిమ్టా. మా తోపు గట్టంతా తుమ్మచెట్లు, పల్లేర్లు. ముల్లు విరిగి పాదంలో ఉండిపోయిన రాత్రి చేతిలో టార్చి పట్టుకుని దాంతో లాగినప్పుడు, ఆ కత్తికి పెట్టిన ప్రతి రూపాయి తిరిగి వచ్చిందనిపించింది.

టెంటు విషయంలో మాత్రం మొదట మోసపోయాను. ఒకే పొర ఉన్న చవక టెంటు. ఇద్దరం పడుకుంటే తెల్లారేసరికి మా ఊపిరి తేమే లోపలి గుడ్డకు పట్టి చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడేది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగాయే, ఆ నెలలో కురిసిన ఒక వానకు కుట్ల మీద టేపు ఊడి నీళ్లు లోపలికి వచ్చాయి. రాత్రి రెండింటికి దుప్పట్లు నెత్తిన పెట్టుకుని మోటారు గదిలోకి పరిగెత్తాం. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా ఉంటుంది. లోపల గాలి ఆడే జాలీగుడ్డ, పైన విడిగా వానపొర ఉన్న రెండు పొరల టెంటే కొనాలి. ఇప్పుడు వాడుతున్నది అదే, నాలుగేళ్లుగా లోపల తడి లేదు.

ఇంకా ముఖ్యమైనది, అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉండాలి, జిప్పు పూర్తిగా పడాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు ఆ కాటు నొప్పి కూడా తెలియదు. ఆరుబయట చాప వేసుకుని పడుకోవడం మా అవ్వల కాలం నుంచి అలవాటే, అయినా ఇప్పుడు నేను పడుకోను, ఎవరినీ పడుకోనివ్వను. బూట్లు కూడా లోపలే. ఉదయం దులిపి వేసుకుంటాను, తేళ్లు ఉంటాయి. తలకు కట్టుకునే లైటు ఏదైనా పరవాలేదు, చార్జింగ్ నిలిస్తే చాలు. గ్యాస్ స్టవ్ రెండుసార్లు తీసుకెళ్లి మానేశాను, మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి రుచి వేరు.

మామ కొడుకు పదో తరగతి పాసయ్యాడని వాడికీ ఒక మోరా కొనిచ్చాను. మొదటిరోజే తోతాపురి కాయ చేతికిచ్చి కోయించాను. బ్లేడు రంగు మారడం చూసి, "అన్నా, తుప్పు పడతా ఉంది" అని కంగారుపడ్డాడు. పీచు మాత్రం అందనివ్వలేదు.