సముద్రం పక్కన జెడ్‌ఎఫ్‌ఎస్: ఏళ్ల తరబడి వాడాక

విశాఖ లాసన్స్ బే కాలనీలోని మా ఆర్కిటెక్ట్ ఆఫీసు ఫైల్ సర్వర్‌లో ఉబుంటు లైనక్స్, 4 టీబీ డిస్కులు నాలుగు, రెండేసి చొప్పున జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్లో ఫైళ్లను సర్దిపెట్టే ఫైల్ సిస్టమ్) మిర్రర్లు, అంటే జోడీలోని రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా. స్పీడ్ ఒక్కటే కావాలంటే ఇది వద్దు. అవే డిస్కుల మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ చాలా పనుల్లో ముందుంటుంది. అయినా నేను దీన్ని వదలను.

బీచ్ దగ్గర కదా, ఉప్పుగాలికి కనెక్టర్లు నల్లబడుతుంటాయి. ఒకసారి నెలవారీ స్క్రబ్ (డేటా మొత్తాన్ని చదివి సరిచూడటం) అయ్యాక చూస్తే ఒక డిస్కుకి రీడ్, రైట్ ఎర్రర్లు సున్నా, చెక్‌సమ్ (డేటా మారలేదని సరిచూసే లెక్క) కింద మాత్రం అంకెలున్నాయి. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పాడైన సెక్టార్లు లేవు, 199వ నంబరు దగ్గరి సీఆర్‌సీ లెక్క (కేబుల్ దారిలో డేటా చెడిన సార్లు) పెరుగుతోంది. అనుమానం డిస్కు మీద నుంచి కేబుల్ మీదకి పోయింది. సాటా కేబుల్ మార్చి మళ్లీ స్క్రబ్ నడిపితే ఎర్రర్లు ఆగిపోయాయి. చెడిన బ్లాకులను జోడీ డిస్కులోని మంచి కాపీతో జెడ్‌ఎఫ్‌ఎస్సే సరిచేసుకుంది. లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడేటాకే (ఫైళ్ల పేర్లు, చోట్ల వివరాలకే) చెక్‌సమ్ వేస్తాయి. ఫైల్ లోపలి డేటా చెడితే వాటికి తెలియదు, క్లయింట్ ప్లాన్ ఓపెన్ కాని రోజునే మనకీ తెలుస్తుంది.

స్నాప్‌షాట్లను (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచిన రూపాలను) సాంబా (విండోస్ మెషీన్లకు ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్) ద్వారా విండోస్ ‘ప్రీవియస్ వెర్షన్స్’లో కనిపించేలా పెట్టాను. ఫోల్డర్ డిలీట్ అయిపోయిందని నా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అవే స్నాప్‌షాట్లు రాత్రిపూట, మారిన బ్లాకుల వరకే, హైదరాబాద్‌లోని మరో మెషీన్‌కి వెళ్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరు ఇది, బ్యాకప్ కూడా ఇదే బిల్డింగ్‌లో ఉంటే దాన్ని బ్యాకప్ అనలేను.

చిరాకులూ ఉన్నాయి. ర్యామ్‌ని క్యాష్ కోసం బాగా లాగేస్తుంది. నా వెర్షన్‌లో డిఫాల్ట్‌గా సగం దాకా తీసుకుంటుంది కాబట్టి ఆ క్యాష్‌కి (ఏఆర్‌సీ) పరిమితి పెట్టాను. పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) 80 శాతం దాటి నిండితే రాతలు నెమ్మదిస్తాయి. లైసెన్స్ తకరారు వల్ల ఇది లైనక్స్ కెర్నల్‌లో (దాని మూల భాగంలో) భాగం కాదు. ఉబుంటు మాడ్యూల్ సిద్ధంగా ఇస్తుంది కాబట్టి నాకు బాధ లేదు, వేరే లైనక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) కెర్నల్ అప్‌డేట్ అంటే కాస్త చూసుకోవాలి.

డేటాబేస్ మాత్రం దీనిమీద నాకు నచ్చలేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పేజీ 8 కేబీ, ఇక్కడ రికార్డ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఒకేసారి రాసే ముక్క) సైజు మామూలుగా 128 కేబీ. చిన్న మార్పుకి కూడా మొత్తం రికార్డు కొత్త చోట రాయాల్సి వస్తుంది. సైజు తగ్గించి నడిపేవాళ్లున్నారు, నేను మాత్రం అకౌంట్స్ డేటాబేస్‌ని విడిగా ఎస్‌ఎస్‌డీ మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి మార్చేశాను.

కొత్తగా పెట్టేవాళ్లు డిస్కు కొనేముందు అది సీఎంఆరా (ట్రాకులు విడివిడిగా రాసేది), ఎస్‌ఎంఆరా (ట్రాకులు ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా రాసేది) అని మోడల్ నంబరుతో చూసుకోండి. ఎస్‌ఎంఆర్ అయితే డిస్కు మార్చాక గంటల్లో అయిపోవాల్సిన రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) రోజులు తినేస్తుంది. అన్నాళ్లూ ఆ జోడీలోని డేటా అంతా మిగిలిన ఒక్క డిస్కు మీదే ఉంటుంది, ఆ టెన్షన్ మీకెందుకు?