పెళ్లి కంపెనీకి నా మార్కులు: కార్లకి ఐదు, లాంతర్లకి సున్నా

మా మేనకోడలి పెళ్లి మొన్న మాఘమాసంలో ఒడిశాలోని మా బరంపురంలో జరిగింది. పెళ్లికొడుకుది తైవాన్ దేశం, తైనాన్ ఊరు. రెండు వైపుల పద్ధతులూ కలిపి చెయ్యాలని పిల్లలిద్దరూ ముచ్చటపడ్డారు. మాకు చేతకాదని భయమేసి, భువనేశ్వర్‌లోని ఒక ఈవెంట్ కంపెనీకి అప్పజెప్పాం. కంపెనీ పేరు రాయను. అందులో కుర్రాళ్లు మంచివాళ్లే, మూడు రాత్రులు కళ్లు మూయకుండా తిరిగారు. కానీ ఇలాంటి పెళ్లి మీ ఇంట్లో కుదిరితే, అడ్వాన్సు ఇచ్చేముందు ఇది ఒకసారి చదవండి. రైల్వే గూడ్స్ ఆఫీసులో 31 ఏళ్లు లెక్కలు రాసినవాణ్ని కాబట్టి ఈ పెళ్లికీ ఒక నోటుబుక్కు పెట్టాను. దాన్ని పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. పెళ్లికొడుకు వైపు నుంచి పదహారు మంది బ్యాంకాక్ మీదుగా కోల్‌కతా, అక్కణ్నుంచి భువనేశ్వర్ వచ్చారు. అక్కణ్నుంచి మా ఊరు దాదాపు 170 కిలోమీటర్లు. రెండు వ్యాన్లు, ఏసీ సరిగ్గా పనిచేసింది, డ్రైవర్లు తాగలేదు. రంభ దగ్గర చిలకసరస్సు కనపడేచోట ఆపి అందరికీ కొబ్బరిబొండాలు ఇప్పించారు. పెళ్లికొడుకు నాయనమ్మకి 79 ఏళ్లు. ఆవిడకి హోటల్లో కింది అంతస్తులోనే గది, బాత్రూములో పట్టుకోడానికి కడ్డీ. ఎవరూ అడగకుండానే చూసుకున్నారు. పెళ్లి రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది, రెండుసార్లూ పురోహితుడు మంత్రం ఆపకముందే జనరేటర్ అందుకుంది. విందు బల్లల మీద నంబర్లు చూస్తే 3 తర్వాత 5 ఉంది, 14 కూడా లేదు. వాళ్ల భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలా వినపడుతుందట. అది తెలుసుకుని తీసేశారు. ఇవన్నీ రాసి పక్కన ఐదుకి ఐదు వేశాను.

ఇంకో మంచిపని, దుబాసీగా ఒక అమ్మాయిని పెట్టారు. కటక్ పిల్ల. శాంతినికేతన్‌లో 1937లో మొదలైన చీనా భవన్ ఉంది కదా, అక్కడ చైనా భాష, అంటే మాండరిన్, చదువుకుంది. ఈ పెళ్లి గట్టెక్కిందంటే సగం ఆ పిల్ల వల్లే. ఒకటే చిక్కు. పెళ్లికొడుకు నాయనమ్మ ఇంట్లో మాట్లాడేది తైవానీ, మాండరిన్ కాదు. మా అమ్మకి తెలుగు తప్ప ఏదీ రాదు, ఆ పిల్లకి తెలుగు రాదు. కాబట్టి మా అమ్మ తెలుగులో అన్నది నేను ఒడియాలో చెప్పాలి, ఆ పిల్ల మాండరిన్‌లో చెప్పాలి, పెళ్లికొడుకు మేనత్త దాన్ని తైవానీలో వాళ్లమ్మకి చెప్పాలి. "వదినగారూ, భోంచేశారా?" అన్న ప్రశ్న అక్కడిదాకా వెళ్లి జవాబు వచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాకు పుట్టినప్పట్నుంచీ అలవాటే గనక, వాళ్లింట్లోనూ అంతేనని తెలిశాక మాకు కొత్త పోయింది.

ఇక అసలు సంగతి. కంపెనీవాళ్లు మొదట్లోనే రంగురంగుల ఫైలొకటి తెచ్చారు. పైన "ఈస్ట్ ఏషియన్ థీమ్" అని ఉంది. లోపల జపాన్ చెర్రీ పూలు, కొరియా విసనకర్రలు, ఒక డ్రాగన్, అన్నీ కలిపి ఒకే మండపం. తైవాన్‌వాళ్లు ఏం చేస్తారని ఒక్క ఫోనయినా ఆ ఇంటికి చెయ్యలేదు. మా బావగారు అమాయకుడు, బొమ్మలు బాగున్నాయని సంతకం పెట్టేశారు. నాకు మాత్రం అప్పుడే గుచ్చుకుంది. ఒడిశాలో మనల్ని ఆంధ్రావాళ్లంటారు, ఇచ్ఛాపురం దాటితే ఒరియావాళ్లంటారు. ఎవరు ఏ ఊరివాళ్లో అడక్కుండా ఒకే గాటన కట్టేస్తే ఎలా ఉంటుందో బరంపురంవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పెళ్లికి ముందురోజు సాయంత్రం కల్యాణమండపం గేటు నుంచి లోపలిదాకా అరవై కాగితం లాంతర్లు వేలాడదీశారు. అన్నీ తెల్లవి. మండపం స్తంభాలకి తెల్ల చామంతుల దండలు. మా కళ్లకి చల్లగా బాగానే ఉంది. వ్యాను దిగిన మేనత్తగారు గేటు దగ్గరే ఆగిపోయారు. ఆవిడ వెనక ఎవరూ లోపలికి రాలేదు. కటక్ పిల్ల నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది: "అంకుల్, వాళ్ల ఊళ్లో తెల్ల లాంతర్లు చావు ఇంటి ముందు కడతారు. తెల్ల చామంతులు కూడా దానికే."

నా గుండె జారిపోయింది. మేనేజరేమో "తెలుపయితే క్లాసీగా ఉంటుంది సార్" అంటాడు. తిట్టలేదు, నిచ్చెన తెమ్మన్నాను. మా అబ్బాయి, వాడి స్నేహితులు ఎక్కి అరవై దింపారు. అర్ధరాత్రి పూలకొట్టువాణ్ని నిద్రలేపి బంతిపూలు తెచ్చాం. అరటిచెట్లు, మామిడాకుల తోరణాలు, ఎర్రచీరలతో గుమ్మాలు, అంతే. వాళ్లు తైనాన్ నుంచి ఎర్రకాగితం మీద కత్తిరించిన జంట సంతోషాల అక్షరం తెచ్చారు. డెకరేషన్ కుర్రాడు దాన్ని తలకిందులుగా అంటించాడు. పెళ్లికొడుకు తండ్రి ఏమీ అనకుండా కుర్చీ ఎక్కి తిప్పి అంటించుకున్నారు. ఆయన వియ్యంకుడన్న సంగతి ఆ కుర్రాడికి తెలీదు, "థాంక్యూ భాయ్" అన్నాడు.

అప్పుడు మా అక్కకి కొత్త టెన్షన్ పట్టుకుంది. మధుపర్కాలు! తెల్లబట్ట, ఎర్రంచు. పీటల మీద పిల్లా పిల్లాడూ తెల్లబట్టల్లో కూర్చుంటే ఆ ముసలావిడ ఏమనుకుంటుందో? పురోహితుడుగారిని అడిగితే నవ్వారు. "పసుపునీళ్లలో ముంచండమ్మా, తెలుపెక్కడుంటుంది?" అన్నారు. రాత్రికి రాత్రి ముంచి ఫ్యాను కింద ఆరేశాం. ముహూర్తానికి కూడా కాస్త తడిగానే ఉన్నాయి, పిల్లాడి మెడంతా పసుపు. మిగతాదానికి చింతలేదు. పెళ్లికూతురికి మా ఊరి ఎర్ర పట్టుచీర, గుడిమెట్లలా ఉండే ఫోడా కుంభ అంచుది. అదే రంగులో పిల్లాడికి జోడా, అంటే పట్టుపంచె. ఎరుపు చూసి వాళ్లవాళ్ల మొహాలు విప్పారాయి.

జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, సప్తపది మా పద్ధతిలో బాగా జరిగాయి, వాటి గురించి రాసేదేం లేదు. మేనమామగా గంప పట్టుకున్నాను, నడుం ఇప్పటికీ లాగుతోంది. అడ్డుతెర తీసినప్పుడు పక్కింటి ఒడియా ఆడవాళ్లు శుభానికని నాలుక ఆడిస్తూ హులహుళి అనే కూత వేస్తే నాయనమ్మగారు ఉలిక్కిపడి, తర్వాత తనూ నాలుక ఆడించి చూసింది.

టీ సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ రాయడమే దండగ. వాళ్ల పద్ధతిలో పెళ్లికూతురు పళ్లెంలో తియ్యటి టీ పట్టుకుని, అత్తవారి పెద్దలకి వయసు వరసలో ఒక్కొక్కరికే అందిస్తుంది. వాళ్లు తాగి, ఖాళీ కప్పుతో పాటు ఎర్రకవరులో డబ్బు పెట్టి తిరిగిస్తారు. కొత్తకోడలికి ఎవరేమవుతారో పరిచయం అయ్యేది అలాగే. ఒప్పందం కాగితంలో "టీ సెరిమనీ" అని రాసి 18,000 రూపాయలు వేశారు. తీరా చూస్తే ఏం పెట్టారో తెలుసా? టీ కౌంటర్. తలపాగా చుట్టిన మనిషి ఒకడు, అల్లం టీ, మసాలా టీ, కాగితం కప్పులు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు. మా చుట్టాలు లైను కట్టి తాగేస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అప్పుడు మేనత్తగారు తన సంచిలోంచి ఒక పొట్లం తీశారు. ఎండిపోయి ముడతలు పడ్డ ఎర్రటి పళ్లు. టీలో ఇవి వెయ్యాలి, వీటి పేరు "తొందరగా" అనే మాటలా ఉంటుంది, తొందరగా పిల్లలు పుట్టాలని అర్థం అని చెప్పారు. మా అమ్మ ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"ఒరేయ్, ఇవి రేగుపళ్లురా!"

నిజమే. మనం భోగినాడు పిల్లల తలల మీద పోసే రేగుపళ్లకి పెద్దజాతి. ఇక్కడ మేం వడియాలు పెట్టుకుంటాం, ఒడియావాళ్లు బరకోళి ఊరగాయ పెడతారు. ఈ మాట తెలుగు నుంచి ఒడియాకి, అక్కణ్నుంచి మాండరిన్‌కి, తైవానీకి వెళ్లేలోపే మా అమ్మ లోపలికెళ్లి ఏడాదినాటి మా రేగు వడియాలు గిన్నెలో పట్టుకొచ్చి నాయనమ్మగారి చేతిలో పెట్టింది. ఇద్దరు ముసలాళ్లూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ నమిలారు. మా అక్క పాలు లేని టీ కాచి, ఆ పళ్లు వేసి, మా వెండిగ్లాసుల్లో పోసింది. రెండేసి చొప్పున సరిసంఖ్యలో పెట్టమన్నారు, పెట్టాం. కౌంటరువాడు ఆ పక్కనే నిలబడి వింతగా చూశాడు. ఆ 18,000 నేను కట్టలేదు.

భోజనాలది ఇంకో కథ. నాయనమ్మగారు బౌద్ధ శాకాహారి, ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. కంపెనీవాళ్లు ఆవిడ కోసమని ప్రత్యేకంగా "చైనీస్ కౌంటర్" పెట్టారు. గోబీ మంచూరియా, వెల్లుల్లి దట్టించిన నూడుల్స్, ఫ్రైడ్ రైస్. మంచూరియా అనేది వాళ్లెవరూ జన్మలో చూడలేదు. ఫ్రైడ్ రైస్ కుప్ప మీద అందానికని వాళ్లు అన్నం తినే పుల్లలు రెండు నిలువుగా గుచ్చారు. అదీ తప్పేనట. పోయినవాళ్లకి పెట్టే అన్నంలోనే పుల్లలు అలా గుచ్చుతారట. మనం పిండం తెచ్చి విస్తట్లో పెట్టినట్టన్నమాట. నేనే వెళ్లి పీకేశాను.

ఆవిడ కడుపు నింపింది ఇచ్ఛాపురం నుంచి మేం పిలిపించుకున్న వంటవాళ్లు. మన పెళ్లివంటలో ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉండవు కదా. పులిహోర, ముద్దపప్పు, ఆవపెట్టిన పనసకాయ, దప్పళం, గుమ్మడికాయ వేసిన డాల్మా అనే ఒడియా పప్పు, బూరెలు. నాలుగు బూరెలు తిన్నారు. నాలుగు అని నేను లెక్కపెట్టాను గానీ పైకి అనలేదు.

రిజిస్ట్రేషన్ గురించి ఒక హెచ్చరిక. "వారంలో చేయించేస్తాం సార్" అన్నారు కంపెనీవాళ్లు. నమ్మకండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం, నోటీసు ఇచ్చేముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు. మా వీధిలో ఒక వకీలు ముందే చెప్పబట్టి పిల్ల దీపావళికే సెలవు పెట్టి వచ్చేసింది. లేకపోతే పెళ్లి అయ్యేది, కాగితం ఉండేది కాదు.

దీవెనలకి చంద్రగిరి దగ్గర జీరంగ బౌద్ధవిహారం నుంచి టిబెట్ సన్యాసుల్ని రప్పిస్తామని కూడా అన్నారు. వద్దన్నాం. తైవాన్‌వాళ్ల పెళ్లికి టిబెట్‌వాళ్లెందుకు? అయితే పెళ్లయ్యాక నాయనమ్మగారే అక్కడికి వెళ్దామన్నారు. 1963 నుంచి అక్కడ టిబెట్ శరణార్థులు ఉంటున్నారు, 2010లో దలైలామా వచ్చి ఆ పెద్ద విహారాన్ని ప్రారంభించారు. ఆవిడ గంటసేపు కదలకుండా కూర్చున్నారు. వ్యాను, డ్రైవరు కంపెనీవాళ్లే ఇచ్చారు, అదనంగా తీసుకోలేదు. అదీ రాశాను.

అప్పగింతలప్పుడు మాత్రం గొడవ అవుతుందనుకున్నాను. వాళ్ల ఆచారంలో కారు కదిలాక పెళ్లికూతురు కిటికీలోంచి విసనకర్ర పారేస్తుంది, కోపతాపాలు పుట్టింట్లోనే వదిలేసినట్టు. పుట్టింటివాళ్లు కారు వెనక నీళ్లు పారబోస్తారు. పారబోసిన నీళ్లు వెనక్కి రావు కదా. అది వినగానే మా అక్క ఏడుపు లంకించుకుంది. "నా కూతురు పారబోసిన నీళ్లా? నేను చెయ్యను." కంపెనీ మేనేజరు ఫోన్ చూసుకుంటూ "ఆప్షనల్ మేడమ్" అన్నాడు. మా అమ్మే లేచింది. పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి, దంపతులకి దిష్టి తీసి, కారు కదిలాక రోడ్డు మీద పోసింది. "మన నీళ్లూ నీళ్లే కదే" అంది. మేనత్తగారు రెండు చేతులూ పట్టుకుని వంగి దణ్ణం పెట్టారు. విసనకర్ర మా అబ్బాయి ఏరి తెచ్చాడు, దానికి కట్టిన ఎర్రకవరు వాడిదేనట.

కట్నకానుకల దగ్గర ఒక చిత్రం. వాళ్లకి శుభానికి సరిసంఖ్య డబ్బులే పెట్టాలి, బేసి అయితే అశుభానికి. మా ఒడియా స్నేహితులు 501, 1001 కవర్లు ఇస్తుంటే నాకు చెమటలు పట్టాయి. మన 1116 మాత్రం సరిసంఖ్యే, పైగా చివర ఆరు వాళ్లకి మంచి అంకె. 501 ఉన్న ప్రతి కవర్లో ఇంకో రూపాయి వేస్తూ కూర్చున్నాను.

కానీ గడియారాలు! బరంపురం పెళ్లిలో గోడగడియారం ఇవ్వకపోతే ఇచ్చినట్టే ఉండదు. వాళ్ల భాషలో గడియారం ఇవ్వడమన్నా, చివరి చూపుకి వెళ్లడమన్నా ఒకేలా వినపడుతుందట. శుభలేఖతో పాటు అతిథులకి కంపెనీవాళ్లు పంచిన సూచనల కాగితంలో నడుం వంచి నమస్కరించమని ఉంది, కిమోనో ఫొటో ఉంది, గడియారం మాట లేదు. ఏడు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు వంటగది వెనక బియ్యం బస్తాల చాటున దాచాను. ఒకటి గంట కొట్టే రకం. సరిగ్గా టీ ఇస్తున్నప్పుడు బస్తాల వెనక నుంచి కొట్టింది. అందరూ అటు చూశారు, నేను దగ్గాను.

మొత్తం మీద ఐదుకి మూడు. బండ్లు, గదులు, కరెంటు, దుబాసీ కావాలంటే ఇలాంటివాళ్లని నిర్భయంగా పెట్టుకోండి. మండపం, టీ, వంట మాత్రం ఆ ఇంటి పెద్దావిడని అడిగి మీరే చేసుకోండి. బిల్లులో లాంతర్ల డబ్బు సగం, టీ డబ్బు మొత్తం కోసుకుని మిగతాది ఇచ్చేశాను. మేనేజరు కాస్త గునిశాడు గానీ తీసుకున్నాడు. లాంతర్లు మాత్రం వాళ్లు పట్టుకెళ్లలేదు, మా మేడ మీద పడున్నాయి. గడియారాలు ఏడూ నా దగ్గరే ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. ఎవరింట్లోనయినా గృహప్రవేశం ఉంటే చెప్పండి.