ప్లస్ పెట్టి సేవ్ చేసిన ఫోన్‌బుక్: కొన్నేళ్ల వాడకం తర్వాత

రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. మా ఇంట్లోనే అక్క కువైట్, బావమరిది దుబాయ్, పిన్ని కొడుకు అమెరికా. ఫోన్ కలవకపోతే ముందు సిమ్‌ని, తర్వాత టవర్‌ని తిట్టుకునేవాళ్లం. తీరా చూస్తే చాలాసార్లు తేడా నంబరు సేవ్ చేసిన తీరులోనే ఉండేది. అందుకే అందరి ఫోన్లలోనూ నంబర్లన్నీ ప్లస్ గుర్తుతో, దేశం కోడ్‌తో మార్చేశాం.

లాభం బాగానే కనిపించింది. వేరే దేశానికి చేయాలంటే మన దగ్గర, గల్ఫ్‌లో ముందు 00 కొట్టాలి, అమెరికాలో అయితే 011. మా పిన్ని కొడుకు 0091తో సేవ్ చేసుకుని పట్టుకెళ్లిన నంబర్లు అక్కడ ఒక్కటీ కలవలేదు. ప్లస్ ఉంటే ఆ సంగతి నెట్‌వర్కే చూసుకుంటుంది. ఇక్కడే ఉండి +91తో చేసినా మామూలు కాలే, ఐఎస్‌డీ ఛార్జీ పడదు. అమ్మకి ఈ టెన్షన్ పోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

చిక్కంతా సున్నా దగ్గరే. అమలాపురం ల్యాండ్‌లైన్ ఎక్కడ చూసినా 08856 అనే రాసి ఉంటుంది. అక్క దానికి ముందు +91 తగిలించి ఎంత చేసినా వెళ్లలేదు. ఆ సున్నా తీసేసి +91 8856 అని మారిస్తే వెంటనే మోగింది. దుబాయ్ నంబర్లదీ అదే వరస. వాళ్లు 050 అని ఇస్తారు, మనం +971 50 అని రాసుకోవాలి. కువైట్, ఖతార్‌లతో ఆ గొడవ లేదు. ఎనిమిది అంకెలకి ముందు +965 గానీ +974 గానీ పెడితే చాలు. అదీ పెట్టకుండా సేవ్ చేస్తే వాట్సాప్‌లో మనిషే కనపడడు.

నాకు అస్సలు నచ్చనివి, నంబర్లన్నీ ఒక్క దెబ్బకి మార్చేస్తామనే యాప్‌లు. మేం వేసిన యాప్ 108కి కూడా +91 తగిలించింది! అంబులెన్స్‌కి ఫోన్ చేయాల్సిన వేళ అది బయటపడి ఉంటే? ఎమర్జెన్సీ 112, సైబర్ మోసాల ఫిర్యాదుల 1930, ఇంకా 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు ఎలా ఉన్నవి అలాగే వదిలేయాలి. అందుకే మిగతావి చేత్తోనే మార్చాం. విసుగు పనే. ఒకే మనిషి సున్నాతో ఒకసారి, +91తో ఒకసారి, ఉత్త పది అంకెలతో ఇంకోసారి ఉంటే ఒకటి ఉంచి మిగతావి తీసేశాం.

అమ్మది కీప్యాడ్ ఫోన్. అందులో సున్నా నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. స్పీడ్ డయల్‌లో 2కి అక్క నంబరు పెట్టాను. ఇప్పుడు పొద్దున్న ఆరింటికే నొక్కేస్తుంది, కువైట్‌లో అప్పుడు మూడున్నర!

నంబరు ఇలా సరిచేశాక కూడా ఇక్కణ్ణుంచి కాల్ వెళ్లకపోతే, సిమ్‌కి ఐఎస్‌డీ ఆన్‌లో ఉందో లేదో, బ్యాలెన్స్ ఉందో లేదో చూసుకోండి. మాకు ఈ మధ్య వచ్చిన ఇబ్బందులన్నీ అవే.